ఎవరి వైపు నుంచి వచ్చింది

2022 జూన్‌లో నన్ను కుప్పం వేశారు. మదనపల్లెలో నేను పనిచేసిన పిల్లల ఆసుపత్రి వాళ్లు కుప్పంలో ఒక చిన్న క్లినిక్ తెరిచారు. మంగళ, శుక్రవారాల్లో మా డాక్టరమ్మ అక్కడికి వెళ్లేది. ఆమెతో ఒక నర్సింగ్ అసిస్టెంటు పోవాలి. పొద్దున్నే బయల్దేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోయి మళ్లీ అదే దారిన రావాలి కాబట్టి వయసు పిల్లలెవరూ ఒప్పుకోలేదు. రిటైర్మెంటుకు దగ్గర పడిన దాన్నని నన్ను పంపారు. నాకేం బాధ కలగలేదు. కారులో పోయి కారులో వచ్చే డ్యూటీ నా సర్వీసులో అదే మొదటిది.

నర్సింగ్ అసిస్టెంటు అంటే ఆయాకు పైన, స్టాఫ్ నర్సుకు కింద. సూది వేసే అధికారం ఉండదు. బిడ్డను తూచడం, జ్వరం చూడడం, తల్లికి మందు ఎట్లా పట్టాలో చెప్పడం, కాగితాలు సిద్ధం చేయడం మా పని. నేను ఆయాగా చేరినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర వేసి జీతం తీసుకునేదాన్ని. ముప్పై దాటాక సాయంకాలం బడికి పోయి చదవడం నేర్చుకున్నాను. తర్వాత ప్రైవేటుగా పది పాసయ్యాను. అందుకే నా రాతలో వంకరలుంటాయి. చదివేవాళ్లే సర్దుకోవాలి.

మా డాక్టరమ్మ దగ్గర ఇంకో పని కూడా నాకు పడింది. ఇంటి పటం గీయడం. బిడ్డకు వచ్చిన జబ్బు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగి ఒక కాగితం మీద బొమ్మగా వేయాలి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. మొగుడూపెళ్లాల మధ్య గీత. వాళ్లు మేనరికమైతే ఒక గీత కాదు, రెండు. జబ్బున్న వాళ్ల గడిని నల్లగా నింపాలి, లేనివాళ్లది తెల్లగా వదలాలి. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ ఈ చదరాలు, సున్నాలు నాకు తొందరగా పట్టుబడ్డాయి. మా ప్రాంతపు ఇళ్లల్లో రెండు గీతలు గీయని పటం తక్కువ. ఒక్కో ఇంట్లో గీతలు అల్లుకుపోయి చివరికి పటం వల మాదిరి అయ్యేది.

జ్వరంలో వచ్చే ఫిట్స్ గురించి కొంచెం చెప్పాలి. ఆరు నెలల బిడ్డ నుంచి బడికి పోయే వయసు దాకా కొందరు పిల్లలకు జ్వరం పెరిగేటప్పుడు కాళ్లూచేతులూ కొట్టుకుంటాయి, కళ్లు తేలేస్తారు. చూసిన తల్లికి బిడ్డ పోయిందనే అనిపిస్తుంది. చాలామందిలో అది కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది, మెదడుకు ఏమీ కాదు, పెరిగే కొద్దీ పోతుంది. మామూలుగా వచ్చి పోయేదానికి స్కానింగు కూడా అక్కర్లేదని మా డాక్టరమ్మ గట్టిగా చెప్పేది. జ్వరం దేనివల్ల వచ్చిందో చూసి దానికి మందిచ్చేది. ఈ గుణం కుటుంబాల్లో దిగుతూ వస్తుంది. తల్లికో తండ్రికో వాళ్ల తోబుట్టువులకో చిన్నప్పుడు వచ్చి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఇంటి పటం.

నేను చెప్పాలనుకున్న కేసు, కుప్పం పోవడానికి కొన్ని నెలల ముందు మదనపల్లె వార్డులోనే మొదలైంది. పుంగనూరులో డ్రిప్ పైపుల అంగడి పెట్టుకున్న హరి అనే అతను, అతని భార్య గాయత్రి, వాళ్ల పాప లాస్య. హరి వాళ్లది సోమల పక్క పల్లె. భూమి, బోర్లు, టమాటా తోటలున్న ఇల్లు. గాయత్రిది కుప్పం. తండ్రి కృష్ణప్పకు కూరగాయల మండీ ఉంది. పాపకు రెండేళ్లు కూడా నిండలేదు. జలుబు జ్వరంలో ఫిట్స్ వచ్చి, ఆసుపత్రికి తెచ్చేసరికే ఆగిపోయింది. వాళ్లతో పాటు హరి తల్లి చౌడమ్మ వచ్చింది. పసుపు రాసుకున్న మొహం, పెద్ద బొట్టు, నిలువెత్తు మనిషి. గదిలోకి ఆమె ముందు వచ్చింది, బిడ్డను ఎత్తుకున్న తల్లి వెనక వచ్చింది.

డాక్టరమ్మ అడుగుతుంటే నేను పటం గీశాను. అప్పట్లో అది అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగే పనే. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు గుర్తుచేస్తారు, టైము కలిసొస్తుంది. ఏ ఆసుపత్రిలోనైనా అట్లాగే చేసేవాళ్లు.

“మా ఇండ్లల్లో అట్టాంటియి యాడా లేవమ్మా. మా మామ కాలం నుంచీ ఎవురికీ తలనొప్పి గూడా ల్యా” అంది చౌడమ్మ.

తలనొప్పి కూడా లేని వంశాన్ని నేను మదనపల్లెలో అంతకుముందు చూడలేదు. కానీ అడిగిన దానికి వచ్చిన జవాబు రాయడం నా పని. చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా అని హరిని అడిగితే, కామెర్లొచ్చాయంట, అరికాళ్లల్లో వాతలున్నాయి అని చెప్పాడు. మా పక్క కామెర్లకూ వాత పెడతారు, ఫిట్స్‌కూ పెడతారు, ఏడుపు ఆపని బిడ్డకూ పెడతారు. మచ్చను చూసి జబ్బు చెప్పలేం. గాయత్రి వాళ్లమ్మకు ఫోను చేసి అడిగింది. వాళ్ల వైపు కూడా ఎవరికీ రాలేదు. పటమంతా తెల్లగా, పాప సున్నా ఒక్కటే నల్లగా వచ్చింది.

ఇంట్లో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, లేకపోయినా రావచ్చు, భయపడాల్సింది ఏమీ లేదు అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటల్లో మొదటిదే చౌడమ్మ పట్టుకుంది. బయట వరండాలో కోడలితో ఆమె అన్నది నేను విన్నాను.

“మా పక్క లేదని రాసుకున్యారు గదా. ఇంగ మిగిలింది యా పక్కో సూసుకో.”

పాప చెప్పు జారితే గాయత్రి వంగి తొడిగింది. హరి బిల్లు కట్టే దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత జ్వరం వచ్చిన రెండుసార్లూ పాపకు ఫిట్స్ వచ్చాయి. అట్లా మళ్లీ రావడం ఈ జబ్బులో వింతేమీ కాదు. రెండోసారి తర్వాత, బిడ్డకు మీ ఊళ్లోనే వైద్యం చేయించుకో, బాగయ్యాక పిలుస్తాం అని గాయత్రిని కుప్పం పంపించేశారు. నేను కుప్పం డ్యూటీకి పోయిన మొదటి నెలలోనే ఆమె పాపను ఎత్తుకొని మా క్లినిక్ మెట్లెక్కింది. నన్ను చూసి, “అక్కా, నువ్వు ఈడికి గూడా వస్తాండావా?” అని నవ్వబోయి ఏడ్చింది.

మిగతాది ఆమె తండ్రి కృష్ణప్ప చెప్పాడు. పుంగనూరులో హరి అంగడి వెనక గోడౌన్లో రెండు వైపుల పెద్దమనుషులు కూర్చున్నారట. పిల్లకు జబ్బుండే వంశమని దాచిపెట్టి పెళ్లి చేశారని అవతలి వాళ్లు అడిగారట. సాక్ష్యమేంటంటే, ఆసుపత్రిలో డాక్టరమ్మే పటం గీయించి మా వైపు లేదని తేల్చింది అన్నారట.

“పైపుల సుట్టల మీద కూకోబెట్టి నా బిడ్డను బేరం సేసినారమ్మా. మా మండీలో టమేటా బాక్సుకైనా మూత తీసి సూసి మాట్లాడతారు. ఈళ్లు అదీ ల్యా” అన్నాడు కృష్ణప్ప.

అల్లుడేమన్నాడని అడిగాను.

“ఏమంటాడు. పైపు మాదిరి ఉండాడు. ఈ పక్క ఊదితే ఆ పక్క వస్తాది.”

విడిపోవడం గురించి ఇంకోసారి కూర్చుందామని లేచారట. ఆసుపత్రిలో గీసిన పటం వైద్యం కోసమే. అది గోడౌన్లో సాక్ష్యమైంది. పాప తండ్రిని, నాయనమ్మను ఒకసారి కుప్పం రమ్మనమని, వాళ్లతో మాట్లాడకుండా మందు రాయనని డాక్టరమ్మ కబురు పంపింది. మందు రాయననడం ఉత్తిదే. ఆ మాట లేకపోతే వాళ్లు రారని ఆమెకు తెలుసు.

వాళ్లు ఒక శుక్రవారం వచ్చారు. ముందురోజు నుంచి పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది. బరువును బట్టి జ్వరం మందు పట్టి, పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నాను. ఆ బెంచీకి ఒక చివర గాయత్రి, ఆమె తల్లిదండ్రులు. ఇంకో చివర హరి, చౌడమ్మ. మధ్యలో ఇద్దరు మనుషులు కూర్చునేంత జాగా ఖాళీ. క్లినిక్ నిండా జనమున్నా ఆ జాగాలో ఎవరూ కూర్చోలేదు.

అక్కడే పాప గాయత్రి ఒళ్లో బిగదీసుకుంది. కళ్లు పైకి పోయాయి. గాయత్రి తల్లి కేక పెట్టింది. ఎవరో ఇనప తాళాలు తెచ్చి చేతిలో పెట్టమన్నారు. నేను గోడ గడియారం చూశాను. ఫిట్స్ మొదలైతే మా పనిలో మొదటి నియమం అదే. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మందు ఇవ్వాలి, ఆ మందు ఇచ్చేది డాక్టరమ్మ. ఆమెను పిలుస్తూ నేను అక్కడికి పోయేలోపల గాయత్రి తల్లి టిఫిన్ డబ్బాలో స్పూను తీసి పాప పళ్ల మధ్య పెట్టబోయింది. చౌడమ్మ ఒక్క అంగలో వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“స్పూను పెట్టొద్దు మే! వీడికి పెట్టి పన్ను ఇరగ్గొట్టినాము. పక్కకు తిప్పండి బిడ్డను. యాల అరస్తారు? రోంతసేపే, అదే నిలిసిపోతాది. నిలిసినంక నిద్రపోతాది, లేపొద్దు.”

ఆమె చెప్పినట్టే పాపను పక్కకు తిప్పాం. ఆమె చెప్పినట్టే ఆగిపోయింది. ముక్కు మందు అవసరం పడలేదు. పాప నిద్రలోకి జారింది. అప్పుడు అడిగాడు హరి.

“ఎవురికి పెట్టి పన్ను ఇరగ్గొట్టినారుమా?”

చౌడమ్మ వంగి కొంగుతో పాప మూతి తుడిచింది.

“నాకా? నాకు కామెర్లని గదా సెప్పినావు.”

డాక్టరమ్మ పాపను చూసి, ప్రమాదమేమీ లేదని గాయత్రికి చెప్పి, చౌడమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. నేను తలుపు మూసి లోపలే నిలబడ్డాను. అక్కడ ఆమెను ఎవరూ గద్దించలేదు. డాక్టరమ్మ మంచినీళ్లు ఇచ్చి, ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరు దాచినా దాచకపోయినా వచ్చేది వస్తుంది అని మాత్రం చెప్పింది. అంతే. మా పటం రాబట్టలేనిది ఆమే చెప్పుకుపోయింది.

ఆమె పుట్టిల్లు కలకడ పక్క. ఆమె తమ్ముడికి చిన్నతనంలో జ్వరం వచ్చినప్పుడల్లా ఫిట్స్ వచ్చేవి. హరికీ వచ్చాయి. ఇంట్లో ఫిట్స్ ఉందని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను చేసుకోరు. మా పక్క సంబంధం కలుపుకొనే ముందు ఊళ్లో విచారించుకుంటారు, టీ అంగట్లోనే సగం సంగతులు తెలిసిపోతాయి. అందుకని హరిని పుట్టింటికి తీసుకుపోయి అక్కడ అరికాళ్లకు వాతలు పెట్టించి, అత్తింట్లో కామెర్లని చెప్పింది. ఫిట్స్ పోయాయి. వయసుతో పోయినవే అవి, వాతతో కాదు. తర్వాత తమ్ముడికి కూతురు పుట్టింది. ఆ పిల్లకూ చిన్నప్పుడు వచ్చాయి. మేనకోడలిని కోడలిగా చేసుకోవడం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. తమ్ముడు అదే నమ్ముకొని ఉన్నాడు. ఆమె కాదంది.

“రెండు పక్కలా ఉండే రక్తాన్ని మళ్లీ కలిపితే ఇంగా ఎక్కువైపోతాదని కాదన్యాను తల్లీ. నా తమ్ముడు ఆ పొద్దు నుంచి నా గడప తొక్కల్యా. దూరం నుంచి, కుప్పం నుంచి తెచ్చుకుంటే కొత్త రక్తం, పోతాదనుకున్యాను. దాన్ని తెచ్చినంక గూడా వచ్చె. అంటే ఆళ్లింట్లో గూడా ఉన్నట్టే గదా? నేను దాసినట్టే ఆళ్లూ దాసినారనుకున్యాను.”

నా సర్వీసులో అబద్ధాలు చెప్పిన అత్తలను చాలామందిని చూశాను. ఈమె దాచింది నిజమే గానీ అట్లాంటిది కాదు. సగం తెలిసి లెక్క వేసుకుంది, ఆ సగాన్ని గట్టిగా నమ్మింది.

డాక్టరమ్మ ఆమెకు విడమరిచి చెప్పింది. జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. కొన్ని జబ్బులు రావాలంటే రెండు వైపుల నుంచీ రావాలి. మేనరికాల్లో ఎక్కువయ్యేవి అవి. వాటి విషయంలో ఆమె భయం తప్పు కాదు. జ్వరం ఫిట్స్ దారి వేరు. దానికి రకరకాల జన్యువులు కొంచెం కొంచెంగా తోడవుతాయి. చాలా ఇళ్లల్లో ఒక్క వైపు నుంచి దిగినా చాలు. కోడలు ఎంత దూరం నుంచి వచ్చినా కొడుకులో ఉన్నది కొడుకులోనే ఉంటుంది.

“అట్లయితే నా తమ్ముని కూతురిని…” అని చౌడమ్మ ఆగిపోయింది. నేను మదనపల్లె నుంచి తెచ్చిన పాత పటం తీసి హరి చదరం నల్లగా నింపాను. చౌడమ్మ తమ్ముడిది, ఆయన కూతురిది కొత్తగా గీసి నింపాను. పాపది కాక మూడు నల్ల గళ్లు. గాయత్రి వైపు ముందున్నట్టే ఉంది.

బయటికి వచ్చాక చౌడమ్మ బెంచీ మధ్యలో, ఆ ఖాళీ జాగాలో కూర్చుంది. అందరూ వింటుండగానే చెప్పింది. ఆ మాట ఒప్పుకోవాలి, ఆమె నసగలేదు.

“మే గాయిత్రీ, నీ పక్క నుంచి రాలేదు. నా కడుపులోంచి వచ్చింది. నేనే దాసినాను. పా, ఇంటికి పోదాం.”

కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. కూతురు ఆ క్షణానే బయల్దేరుతుందనుకున్నాడేమో, కింద పెట్టిన సంచీ చేతికి తీసుకున్నాడు. గాయత్రి కదల్లేదు. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది.

“మీ పక్క నుంచి వచ్చిందని తెలిసినంక రమ్మంటాండావత్తా. నా పక్క నుంచే వచ్చినింటే?”

గాయత్రి హరి వైపు తిరిగింది.

“నువ్వు సెప్పు. నా పక్క నుంచే వచ్చినింటే ఏం సేసుందువు?”

హరి గోడకు అంటించిన టీకాల పోస్టరు చూస్తూ నిలబడ్డాడు. అంగట్లో గిరాకీ అడిగిన సైజు పైపు లేకపోతే కొంతమంది అట్లాగే అరలవైపు చూస్తూ నిలబడతారు. అతను చెడ్డవాడు కాదు. గాయత్రి సంచీ తండ్రి చేతిలోంచి తీసుకొని మండీ దారిన ఇంటికి పోయింది. కృష్ణప్ప కూతురి వెనకే పోయాడు, కానీ నాలుగడుగులకు ఒకసారి వెనక్కి చూశాడు. కూతురు పుంగనూరు పోవాలనే ఆయన కోరుకున్నాడు. ఆయన కళ్లముందే ఆ ఆశ పోయింది.

కోర్టుకు ఎవరూ పోలేదు. కాపురం మళ్లీ కలవనూ లేదు. గాయత్రి కుప్పంలోనే ఉండిపోయి తండ్రి మండీలో లెక్కలు చూసుకుంటోంది. హరి ఆదివారాలు వచ్చి పాపను చూసి పోతాడు. పాపకు ఆ తర్వాత కూడా కొన్నిసార్లు వచ్చాయి. ముక్కు మందు ఇంట్లో పెట్టుకోవడం, బిడ్డను పక్కకు తిప్పడం గాయత్రికి నేర్పాం. బడిలో చేరాక ఫిట్స్ రాలేదు. ఇప్పుడు జ్వరమొస్తే ఆ పిల్లే వచ్చి చంక ఎత్తి థర్మామీటరు పెట్టించుకుంటుంది.

చౌడమ్మ ఆ తర్వాత ఒక్కసారే మా క్లినిక్‌కు వచ్చింది. గాయత్రి మంగళవారం వస్తుందని తెలిసి శుక్రవారం వచ్చింది. వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక నా బల్ల దగ్గర నిలబడి, “బిడ్డ ఎంత తూగినాదమ్మా?” అని అడిగింది. ఒకరి కేసు సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. నేను చెప్పాను. ఆమె ఆ అంకెను నోట్లోనే రెండుసార్లు అనుకొని పలమనేరు బస్సుకు పోయింది.

ఈ కేసు తర్వాత మా డాక్టరమ్మ పద్ధతి మార్చింది. మదనపల్లెలో, కుప్పంలో రెండు చోట్లా తల్లిని వేరుగా, తండ్రిని వేరుగా, ముసలివాళ్లను వేరుగా తలుపు మూసి అడగడం మొదలుపెట్టాం. అడిగే ముందే ఇది ఎవరి తప్పూ కాదని, వాత పెట్టి పోగొట్టేది కాదని చెబుతాం. పటం ఎవరికీ చూపించం, ఏ వైపు నుంచి వచ్చిందని ఎవరడిగినా డాక్టరమ్మే మాట్లాడుతుంది. దానివల్ల చాలా ఇళ్లల్లో దాచినవి ముందే తెలిశాయి. ఇది పనికొచ్చిన మార్పు, కాదనను.

అయినా ఆ రోజు కుప్పంలో గాయత్రి అడిగినదానికి ఆ మార్పు జవాబు కాదు. మేమంతా నల్ల గడి ఎవరిదో తేల్చడానికే తంటాలు పడ్డాం. అది తేలితే ఆమెకు న్యాయం జరిగినట్టే అనుకున్నాం. ఆమె గడి తెల్లగా ఉందని చెప్పి ఇంటికి పంపబోయాం. నల్లగా ఉన్నా ఆమెను పంపించేయడానికి అది కారణం కాదని మొదటి రోజు మదనపల్లెలోనే, అందరి ముందూ గట్టిగా చెప్పాల్సింది. పటం గీసేవాళ్ల పని గడి నింపడంతో అయిపోదని మాకు తెలిసేసరికి ఆమె సంచీ తీసుకొని మెట్లు దిగిపోయింది.